పాత రోబోలు, కొత్త బీపీఎం: రెంటినీ కలిపేటప్పుడు గీత ఎక్కడ గీయాలి?

ప్రశ్న: బిల్లులబల్ల

నమస్కారం. సరఫరాదారుల నుంచి వచ్చే ఇన్‌వాయిస్‌లను సరిచూసి, ఖాతాల్లోకి ఎక్కించి, చెల్లింపుకు పంపడం మా విభాగం పని. కొన్నేళ్లుగా ఇందులో చాలా భాగం సాఫ్ట్‌వేర్ రోబోలే చేస్తున్నాయి. ఒక రోబో మెయిల్‌బాక్స్‌లోంచి పీడీఎఫ్‌లను తీసి వివరాలు చదువుతుంది. రెండోది వాటిని పర్చేజ్ ఆర్డర్‌తో పోల్చి చూస్తుంది. మూడోది పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ స్క్రీన్ మీద ఒక్కొక్క గడీ నింపుతూ పద్దు నమోదు చేస్తుంది. వీటిలో దేనికదే ఒక వేళకు మేలుకుంటుంది. మొదటిది ఈపాటికి పని ముగించి ఉంటుందన్న నమ్మకంతో రెండోది, అదే నమ్మకంతో మూడోది మొదలవుతాయి. మొదటిది ఆలస్యమైన రోజున రెండోదానికి సగం ఇన్‌వాయిస్‌లే దొరుకుతాయి, మిగతా సగం మర్నాటి దాకా ఎవరి కంటా పడవు. సరిపోలని ఇన్‌వాయిస్‌లన్నీ ఉమ్మడి ఫోల్డర్‌లోని ఒక ఎక్సెల్ షీట్‌లోకి చేరతాయి. ఆ షీట్‌ను ఎవరు, ఎప్పుడు తెరవాలన్నది ఎక్కడా రాసి లేదు.

ఇటీవల మా యాజమాన్యం ఒక బీపీఎం (బిజినెస్ ప్రాసెస్ మేనేజ్‌మెంట్, అంటే ఒక పని మొదటి నుంచి చివరిదాకా ఏ అడుగులో ఎవరి దగ్గర ఉండాలో నడిపించే) ప్లాట్‌ఫామ్ కూడా కొనడంతో రెండు వర్గాలు తయారయ్యాయి. రోబోలను తయారుచేసే బృందం రోబోలకు పనులు పంచే తమ ఆర్కెస్ట్రేటర్‌లోనే క్యూలూ (పనుల వరుసలూ) ట్రిగ్గర్‌లూ (పనిని మొదలుపెట్టే అమరికలూ) ఉన్నాయనీ, మొత్తం ప్రక్రియను అందులోనే నడిపించవచ్చనీ అంటోంది. బీపీఎం బృందం మాత్రం రోబోలు తాత్కాలికమైన అతుకులనీ, ఏపీఐలు (స్క్రీన్‌తో పనిలేకుండా సాఫ్ట్‌వేర్లు నేరుగా మాట్లాడుకునే మార్గాలు) వచ్చేదాకా ఆగి అన్నీ సక్రమంగా కడదామనీ అంటోంది.

ఈ వాదన నడుస్తుండగానే, పద్దు నమోదు చేసే రోబోను బీపీఎం నుంచి పిలిచేలా ప్రయోగాత్మకంగా కలిపి చూశారు. ఒకరోజు రోబో సేవ్ బటన్ నొక్కిన వెంటనే స్క్రీన్ స్తంభించింది. పని పూర్తయిందన్న కబురు రాకపోవడంతో బీపీఎం అదే పనిని మళ్లీ అప్పగించింది, ఒకే ఇన్‌వాయిస్ రెండుసార్లు ఖాతాల్లోకి ఎక్కింది. చెల్లింపుకు వెళ్లకముందే ఒక సహోద్యోగి పట్టుకున్నారు కాబట్టి నష్టం జరగలేదు గానీ, పొరపాటు ఎక్కడుందన్న చర్చ మాత్రం తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ముగిసింది.

నా సందేహాలు రెండు. రోబోలకూ బీపీఎంకూ మధ్య పని పంచేటప్పుడు ఏ సూత్రాన్ని పట్టుకోవాలి? పైన చెప్పిన రెండోసారి నమోదు వంటి సమస్యను నిర్మాణంలోనే నివారించే మార్గం ఉందా? రెండు సాధనాలనూ కలిపి నడిపిన అనుభవం ఉన్నవారు కొంచెం వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: వరుసకాపరి

బిల్లులబల్ల గారూ, మీ దగ్గర నడుస్తున్న రెండు వాదనలూ సాధనాల పేర్ల చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి అవి ఎప్పటికీ తేలవు. ఈ రెండు రకాల ఉత్పత్తులు ఇన్నేళ్లలో ఒకదాని హద్దులోకి మరొకటి చొచ్చుకుపోయాయి. బీపీఎం వైపు నుంచి పెగా 2016లో ఓపెన్‌స్పాన్‌నూ, యాపియన్ 2020లో జిడోకా రోబోల సంస్థనూ కొన్నాయి. ఐబీఎం, మైక్రోసాఫ్ట్ కూడా అదే 2020లో రోబో సంస్థలను తమలో కలుపుకున్నాయి. రోబోల వైపు నుంచి యూఐపాత్ 2019లో ప్రాసెస్‌గోల్డ్ అనే ప్రాసెస్ మైనింగ్ (లాగ్‌ల నుంచి ప్రక్రియ నడిచిన తీరును రాబట్టే) సంస్థను కొన్నది. ఈ పరిస్థితుల్లో ఫలానా పని ఏ ఉత్పత్తి చేయగలదని అడిగితే రెండూ చేయగలవన్న జవాబే వస్తుంది. అందుకని ఇంకో ప్రశ్న వేసుకోండి: ఒక సరఫరాదారు ఫోన్ చేసి తన ఇన్‌వాయిస్ ఎంతవరకు వచ్చిందని అడిగితే, మీరు ఏ స్క్రీన్ తెరిచి సమాధానం చెబుతారు? ఆ జవాబు ఒకే చోట ఉండాలి, ఆ చోటు బీపీఎం కావాలి. నేను పట్టుకునే సూత్రం ఇంతే. మిగతావన్నీ దీని నుంచే వస్తాయి.

ఇన్‌వాయిస్ ఎక్కడుంది, ఎవరి ఆమోదం కోసం ఆగింది, గడువు ఎప్పుడు, ఇంతకుముందు ఏం జరిగింది అన్న జ్ఞాపకమంతా ప్రక్రియ ఇంజిన్‌లో, అంటే బీపీఎంలో ప్రక్రియను అడుగడుగునా నడిపే భాగంలో, ఉండాలి. రోబోకు జ్ఞాపకం ఉండకూడదు. దానికి ఒక పని, ఆ పనికి కావలసిన వివరాలు ఇవ్వాలి. అది చేసి, ఫలితం చెప్పి, మరచిపోవాలి. ప్రక్రియ ఇంజిన్లు ఆగడానికే పుట్టాయి: ఒక మేనేజర్ ఆమోదం కోసం వారం రోజులు ఎదురుచూడవలసి వచ్చినా ఇంజిన్ ఆ స్థితిని డేటాబేస్‌లో రాసిపెట్టుకుని ఊరుకుంటుంది, సర్వర్ మళ్లీ మొదలైనా అక్కడి నుంచే అందుకుంటుంది. రోబో ఎదురుచూస్తే మాత్రం ఆ సెషన్, ఆ యంత్రం, ఆ లైసెన్సు అంతసేపూ ఊరికే పడి ఉంటాయి. కాబట్టి రోబో స్క్రిప్టులో ఎక్కడైనా ఆమోదం కోసమో, వేరే విభాగం ఫైలు కోసమో ఎదురుచూసే లూప్ కనిపిస్తే, అది బీపీఎం పటంలోకి (ప్రక్రియ అడుగులను గీసిన చిత్రంలోకి) వెళ్లవలసిన భాగమని గుర్తించండి.

పటం విషయానికొస్తే, ఇలాంటి పటాలు గీసే గుర్తుల పద్ధతి బీపీఎంఎన్ 2.0ను ఓఎంజీ అనే ప్రమాణాల సంస్థ 2011లో విడుదల చేసింది, 2013లో అది ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది. అందులో రోబో కోసం ప్రత్యేకమైన గుర్తేమీ లేదు. దాన్ని మామూలు సర్వీస్ టాస్క్‌గానే (సాఫ్ట్‌వేర్ చేసే అడుగుగానే) గీస్తారు. నా అభిప్రాయంలో అది లోపం కాదు, మేలే. పటం చదివేవారికి అక్కడ జరిగే పని తెలియాలి గానీ, దాన్ని రోబో చేస్తోందా ఏపీఐ చేస్తోందా అన్నది తెలియనవసరం లేదు.

ఇక రోబోకు అప్పగించే పని పరిమాణం. మీ మూడో రోబో ఒక్క పరుగులో ఎన్నో ఇన్‌వాయిస్‌లను నమోదు చేస్తూ ఉండవచ్చు. బీపీఎంతో కలిపేటప్పుడు దాన్ని ఒక ఇన్‌వాయిస్, ఒక పద్దు అన్న స్థాయికి తీసుకురండి. మొత్తం కట్టను అప్పగిస్తే, నడుమ ఎక్కడో ఒకటి ఆగినప్పుడు ముందువి పూర్తయ్యాయా, తర్వాతివి మొదలయ్యాయా అన్నది బీపీఎంకు తెలియదు. మరీ చిన్నగా, లాగిన్ ఒక టాస్క్, వెతకడం ఒక టాస్క్ అంటూ విడగొట్టినా తంటానే. ప్రతి టాస్క్‌కూ రోబో అప్లికేషన్‌ను మళ్లీ తెరవవలసి వస్తుంది, పటం కాస్తా బటన్ల జాబితాగా మారుతుంది. వ్యాపారపరంగా అర్థమున్న ఒక మార్పు జరిగిందా లేదా అని అడగగలిగిన చోటే టాస్క్ హద్దు ఉండాలి.

మీరు అడిగిన రెండోసారి నమోదు సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే రెండు వ్యవస్థలు కలిసే చోట తప్పనిసరిగా ఎదురయ్యే చిక్కు ఇదే. కముండా వంటి ఇంజిన్లలో బయటి వర్కర్ (పని చేసిపెట్టే ప్రోగ్రామ్, మీ దగ్గరైతే రోబో) ఒక పనిని తీసుకున్నప్పుడు ఇంజిన్ ఆ పనిపై కొంత వ్యవధికి తాళం వేస్తుంది. ఆ వ్యవధిలోగా ఫలితం రాకపోతే తాళం ఊడిపోయి, అదే పని మరో వర్కర్‌కు దొరుకుతుంది. మొదటి వర్కర్ చనిపోయిందో, నెమ్మదిగా నడుస్తోందో, పని పూర్తిచేసి కబురు మాత్రం పంపలేకపోయిందో తెలుసుకునే దారి ఇంజిన్‌కు లేదు. రోబోల వైపు క్యూకు మరో లెక్క ఉంటుంది. ఉదాహరణకు యూఐపాత్ క్యూలో ఒక అంశం నడుస్తున్న స్థితిలోనే 24 గంటలు ఉండిపోతే దానికి అబాండన్డ్ అన్న ముద్ర పడుతుంది. ఇంజిన్ తాళం పదిహేను నిమిషాలకు ఊడిపోయేలా పెట్టి, అటు క్యూ అదే పనిని రోజంతా సజీవంగా ఉంచితే, మధ్యలో రెండు రోబోలు ఒకే ఇన్‌వాయిస్ మీద పడేందుకు కావలసినంత వ్యవధి ఉంది. మీ దగ్గర జరిగింది ఈ కోవకు చెందినదే.

దీనికి మందు వ్యవధులను పెంచడంలో లేదు. ఎంత పెంచినా ఏదో ఒకరోజు దాటుతుంది. రెండోసారి పిలిచినా హాని లేని విధంగా రోబోను రాయాలి. పద్దు నమోదుకు ముందు రోబో అదే స్క్రీన్‌లోని వెతుకు పెట్టెలో సరఫరాదారు కోడ్, ఇన్‌వాయిస్ సంఖ్య, తేదీ ఇచ్చి వెతకాలి. అప్పటికే పద్దు ఉంటే దాని సంఖ్యను తీసుకుని, పని విజయవంతమైనట్టే బీపీఎంకు తిరిగి చెప్పాలి. దానికి తోడు, పద్దులోని రిఫరెన్స్ గడిలో ప్రక్రియ సంఖ్యను (ఆ ఇన్‌వాయిస్ ప్రక్రియకు బీపీఎంలో ఉన్న గుర్తింపు సంఖ్యను) రాయించండి. అప్పుడు ఆ పద్దు తన పిలుపు వల్లే పుట్టిందా, లేక ఎవరైనా చేత్తో ఎక్కించారా అన్నది కూడా రోబోకు తెలుస్తుంది. క్యూలో ప్రతి అంశానికీ రిఫరెన్స్ విధిగా ప్రత్యేకమైనదే ఉండాలన్న అమరిక ఉంటే దాన్నీ వాడుకోండి, కానీ దాని మీదే భారం వేయకండి. క్యూలో ఒకే అంశం ఉన్నంత మాత్రాన స్క్రీన్ మీద సేవ్ ఒక్కసారే పడిందని హామీ ఏమీ లేదు.

మళ్లీ ప్రయత్నించే అధికారం కూడా ఒక్క వైపే ఉండాలి. బీపీఎంలో మూడు ప్రయత్నాలు, క్యూలో మూడు ప్రయత్నాలు పెడితే ఒక మొండి ఇన్‌వాయిస్ కోసం రోబో తొమ్మిదిసార్లు పాత సాఫ్ట్‌వేర్‌ను తడుతుంది. స్క్రీన్ రాకపోవడం, సెలెక్టర్ (స్క్రీన్ మీది గడిని రోబో గుర్తుపట్టే ఆనవాలు) దొరకకపోవడం వంటి సాంకేతిక వైఫల్యాలకు క్యూ స్థాయిలోనే ఒకటి రెండు ప్రయత్నాలు ఉంచి, బీపీఎం వైపు సున్నా చేయడం నాకు నచ్చిన పద్ధతి. మొత్తం ఇన్‌వాయిస్ విలువ పర్చేజ్ ఆర్డర్‌ను మించిపోవడం వంటి వ్యాపార కారణాలకు మళ్లీ ప్రయత్నించడం వ్యర్థం. ఎన్నిసార్లు చూసినా ఆ అంకె మారదు. యూఐపాత్ క్యూ కూడా అప్లికేషన్ ఎక్సెప్షన్లనే (సాంకేతిక వైఫల్యాలనే) తనంతట తాను మళ్లీ ప్రయత్నిస్తుంది, బిజినెస్ ఎక్సెప్షన్లను (వ్యాపార కారణాల వైఫల్యాలను) వదిలేస్తుంది. ఆ రెండో రకాన్ని బీపీఎం పటంలో ఎర్రర్ బౌండరీ ఈవెంట్‌గా (టాస్క్ విఫలమైతే వేరే దారికి మళ్లించే గుర్తుగా) పట్టుకుని, సంబంధిత ఉద్యోగి ముందుకు యూజర్ టాస్క్‌గా (మనిషి చేయవలసిన అడుగుగా) పంపండి. మీ ఎక్సెల్ షీట్‌కు అక్కడితో సెలవు.

జవాబు: పాతకోడు

వరుసకాపరి గారు చెప్పినదానిలో చాలావరకు అంగీకరిస్తాను గానీ, బీపీఎం బృందం భయాన్ని కొట్టిపారేయడానికి లేదు. రోబో పనిచేసేది స్క్రీన్ మీద. ఆ స్క్రీన్‌ను తయారుచేసినవారు అది మనుషుల కోసమని అనుకున్నారు తప్ప, దాన్ని ఒక ఒప్పందంలా నిలకడగా ఉంచుతామని ఎవరికీ మాట ఇవ్వలేదు. ఒక గడి పేరు మారినా, మధ్యలో కొత్త హెచ్చరిక పెట్టె వచ్చినా, డిస్‌ప్లే రిజల్యూషన్ మారినా రోబో తడబడుతుంది. రిమోట్ డెస్క్‌టాప్ గుండా చిత్రాన్ని చూసి పనిచేసే రోబోల సంగతైతే చెప్పనక్కరలేదు. ఆగిపోయే రోబో కన్నా తప్పు గడిలో అంకె నింపి ముందుకు సాగిపోయే రోబో ప్రమాదకరం, ఎందుకంటే దాని మీద ఎక్సెప్షన్ ఏదీ నమోదు కాదు.

అయినప్పటికీ ఏపీఐల కోసం ఆగడం కూడా సరికాదన్నదే నా అభిప్రాయం. పాత సాఫ్ట్‌వేర్‌కు ఏపీఐ వచ్చే తేదీని ఎవరూ చెప్పలేని సందర్భాలు ఎక్కువ. ఆలోగా జరగవలసిన పని జరగాలి కదా. చేయవలసినదల్లా, రోబోకూ బీపీఎంకూ మధ్య సన్నని పొర ఒకటి పెట్టడం. బీపీఎం ఆ పొరను ఇన్‌వాయిస్ నమోదు చేయమని అడుగుతుంది. ఇచ్చేవి సరఫరాదారు కోడ్, ఇన్‌వాయిస్ సంఖ్య, తేదీ, మొత్తం, పన్ను వివరాలు. తిరిగి వచ్చేవి పద్దు సంఖ్య లేదా వైఫల్యపు రకం. క్యూ పేరు, రోబో పేరు, స్క్రీన్ పేరు ఏవీ ఆ అభ్యర్థనలో కనిపించకూడదు. రేపు ఏపీఐ వస్తే పొర లోపల రోబోను తీసేసి దాన్ని పెడతారు, పటంలో ఒక్క గీత కూడా చెరపనవసరం ఉండదు. పిలిచిన వెంటనే జవాబు రావాలని మాత్రం ఆశించకండి. రోబో పనికి నిమిషాలు పట్టవచ్చు, క్యూలో తన వంతు వచ్చేదాకా ఇంకా ఎక్కువ పట్టవచ్చు. అందువల్ల అభ్యర్థన పంపడం ఒక అడుగుగా, ఫలితం సందేశంగా వచ్చి ఆ ప్రక్రియను అందుకోవడం మరో అడుగుగా ఉండాలి. ఏపీఐ వచ్చాక జవాబు క్షణంలో వచ్చినా ఈ ఏర్పాటు చెడిపోదు, వెంటనే జవాబు వస్తుందని ఆగే ఏర్పాటు మాత్రం రోబో ఆలస్యమైన రోజున చెడిపోతుంది.

ఆర్కెస్ట్రేటర్‌లోనే మొత్తం ప్రక్రియను నడిపిద్దామన్న మీ రోబో బృందం మాటకు నా ఆక్షేపణ ఇదొక్కటే: ఒక క్యూ చివర మరో క్యూను తగిలిస్తూ పోతే ప్రక్రియ తయారవుతుంది గానీ, ఆ ప్రక్రియ ఎక్కడా గీసి ఉండదు. దాన్ని కట్టినవారు వేరే ఉద్యోగానికి వెళ్లిన తర్వాత వచ్చినవారు స్క్రిప్టులు ఒక్కొక్కటీ తెరిచి, ఇది ఏ క్యూలోకి రాస్తోంది, దాన్ని ఎవరు చదువుతున్నారు అని వెతుక్కోవలసి వస్తుంది. ఒకే అప్లికేషన్‌లో మొదలై అక్కడే ముగిసే, మనిషి ఆమోదం అక్కరలేని చిన్న పనులకు మాత్రం బీపీఎంను లాక్కురాకండి. రోజూ రాత్రి ఒక నివేదిక దించి ఫోల్డర్‌లో పెట్టే రోబోకు టైమర్ చాలు.

బిల్లులబల్ల

వరుసకాపరి గారికి, పాతకోడు గారికి ధన్యవాదాలు. వెతికిన తర్వాతే నమోదు చేయాలన్నది మా రోబో బృందం వెంటనే ఒప్పుకుంది. ఇంకొక చిక్కుంది. పద్దు నమోదు చేసే రోబో ప్రస్తుతం ఒక ఉద్యోగి యూజర్ ఐడీతోనే పాత సాఫ్ట్‌వేర్‌లోకి ప్రవేశిస్తోంది. అదనపు లైసెన్సు ఎందుకని అప్పట్లో అలా పెట్టారట. ఇప్పుడు అంతర్గత ఆడిట్ విభాగం ఆ పద్దులను చూపించి, ఇవి ఆ ఉద్యోగి చేసినవా, రోబో చేసినవా అని అడుగుతోంది. పైగా బీపీఎం నుంచి మనుషులకు వెళ్లే పనుల్లో ఏ వివరాలు చూపించాలన్న దాని మీద కూడా మాకు స్పష్టత లేదు. ఇన్‌వాయిస్ విఫలమైంది, పరిశీలించండి అన్న ఒక్క వాక్యం వస్తే మా వాళ్లు మళ్లీ మొదటి నుంచి మొత్తం తవ్వుకోవలసి వస్తోంది.

జవాబు: తనిఖీదారు

ఉద్యోగి ఐడీతో రోబోను నడపడం వెంటనే ఆపవలసిన పని, మిగతావన్నీ దాని తర్వాతే. ఆ ఉద్యోగి పాస్‌వర్డ్ మార్చుకున్న రోజున రోబో ఆగిపోవడం చిన్న సమస్య. తాను చేయని పద్దుకు ఆ ఉద్యోగి సంజాయిషీ చెప్పుకోవలసి రావడం, లేదా చేసిన పద్దును రోబో మీదికి నెట్టగలగడం అసలైన సమస్య. ప్రతి రోబోకూ సొంత ఐడీ ఉండాలి, ఆ ఐడీకి బాధ్యత వహించే మనిషి ఒకరు రాతపూర్వకంగా ఉండాలి, పాస్‌వర్డ్ స్క్రిప్టులోనో కాన్ఫిగ్ ఫైలులోనో కాకుండా క్రెడెన్షియల్ వాల్ట్‌లో (పాస్‌వర్డ్‌లను భద్రంగా దాచే సాఫ్ట్‌వేర్‌లో) ఉండాలి. లాగిన్‌కు ఫోన్ ద్వారా వచ్చే రెండో ధ్రువీకరణ అవసరమైన చోట కొందరు ఆ ఫోన్‌ను ఎవరో ఒకరి బల్ల మీద పెట్టి నడిపిస్తుంటారు. అలా చేయకుండా, మనిషి ప్రమేయం లేని ఖాతాలకు తగిన ధ్రువీకరణ పద్ధతిని భద్రతా విభాగంతో కలిసి నిర్ణయించుకోండి.

బీపీఎంతో కలిపినప్పుడు పెద్దగా ఎవరూ ఆలోచించని విషయం ఒకటుంది. కార్యాలయాల్లో సరఫరాదారు బ్యాంకు ఖాతా వివరాలను మార్చే వ్యక్తి, అదే సరఫరాదారుకు చెల్లింపు పెట్టే వ్యక్తి ఒకరే కాకూడదన్న నియమం పాటిస్తారు. రోబోల దగ్గరికి వచ్చేసరికి ఈ నియమం చల్లగా జారిపోతుంది. ఇవాళ ఒక టాస్క్, వచ్చే నెల ఇంకో టాస్క్ అంటూ అనుమతులు పేరుకుని, చివరికి ఒకే రోబో ఐడీ ఆ రెండు పనులూ చేయగల స్థితికి చేరుతుంది. బీపీఎం పటంలో ఆమోదం అడుగు ఉంది కదా అనుకుంటారు, కానీ రోబో ఐడీ చేజిక్కినవారు పటాన్ని దాటవేసి నేరుగా పాత సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లగలరు. కాబట్టి విభజన పటంలో మాత్రమే ఉంటే చాలదు, కింది అప్లికేషన్‌లోని అనుమతుల్లోనూ ఉండాలి. ఒక్కొక్క రకం పనికి ఒక్కొక్క ఐడీ పెట్టుకుంటే లైసెన్సు ఖర్చు కాస్త పెరిగినా ఆడిట్ ప్రశ్నలకు జవాబు సులువవుతుంది. మీ ఆడిట్ విభాగం ఇప్పుడు అడుగుతున్నదానికి కూడా సూటిగా జవాబు చెప్పాలంటే ప్రక్రియ సంఖ్య ఒకటే మూడు చోట్లా కనిపించాలి: బీపీఎం చరిత్రలో, రోబో లాగ్‌లో, పద్దు రిఫరెన్స్ గడిలో. వరుసకాపరి గారు రెండోసారి నమోదును ఆపడానికి సూచించిన ఆ గడే ఇక్కడ సాక్ష్యంగా పనికొస్తుంది.

లాగ్‌ల విషయంలో ఒక జాగ్రత్త. విఫలమైన క్షణంలో రోబో తీసే స్క్రీన్‌షాట్ చాలా ఉపయోగకరం, కానీ ఆ చిత్రంలో బ్యాంకు ఖాతా సంఖ్య, వ్యక్తిగత వివరాలు పడవచ్చు. ఆ చిత్రాలు ఎవరు చూడగలరు, ఎన్నాళ్లు ఉంటాయి అన్నది ముందే నిర్ణయించకపోతే, అసలు అప్లికేషన్‌లో ఎంతో కట్టుదిట్టంగా దాచిన సమాచారం లాగ్ ఫోల్డర్‌లో అందరికీ దొరుకుతుంది.

మనిషికి వెళ్లే పనిలో ఏం చూపాలన్నారు. రోబో ఏం చదివిందో, ఏం ఉంటుందని ఆశించిందో ఆ రెండూ పక్కపక్కన ఉండాలి: ఇన్‌వాయిస్‌లో పరిమాణం 120, పర్చేజ్ ఆర్డర్‌లో 100, సరుకు అందినట్టు నమోదైనది 100, ఇలా. పక్కనే మూల పీడీఎఫ్ తెరుచుకోవాలి, వీలైతే ఆ అంకె ఉన్న చోటే. ఆ తర్వాత ఉద్యోగి తీసుకోగల నిర్ణయాలు కొన్నే ఉండాలి: విలువను సరిదిద్ది రోబోకు తిరిగి పంపడం, కొనుగోలు విభాగానికి పంపడం, సరఫరాదారుకు తిప్పి పంపడం, తానే చేత్తో నమోదు చేసి పద్దు సంఖ్య రాయడం. ఈ చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు. ఉద్యోగి పాత సాఫ్ట్‌వేర్‌లో చేత్తో పద్దు ఎక్కించేసి, బీపీఎంలో ఆ సంగతి చెప్పే మార్గం లేక అలాగే వదిలేస్తే, ఆ ప్రక్రియ ఎప్పటికీ పెండింగ్‌లోనే కనిపిస్తుంది, లేదా ఎవరో దాన్ని మళ్లీ రోబోకు పంపుతారు. ప్రతి యూజర్ టాస్క్‌కూ టైమర్ పెట్టి, గడువు దాటితే పై అధికారికి వెళ్లేలా చేయండి; మీ ఎక్సెల్ షీట్‌కు లేనిది సరిగ్గా అదే.

జవాబు: కొలతబద్ద

పైవారంతా ఎలా కట్టాలో చెప్పారు. నేను అడగదలచుకున్నది, కట్టబోయే ముందు ఆలస్యం ఎక్కడ జరుగుతోందో కొలిచారా అని. ఇన్‌వాయిస్‌ను చేత్తో నమోదు చేయడానికి పది నిమిషాలు పట్టేదాన్ని రోబో రెండు నిమిషాల్లో చేస్తోందనుకుందాం. అదే ఇన్‌వాయిస్ ఆమోదం కోసం నాలుగు రోజులు ఎవరి ఇన్‌బాక్స్‌లోనో పడి ఉంటే, సరఫరాదారు దృష్టిలో మీరు మిగిల్చిన ఆ ఎనిమిది నిమిషాలు లెక్కలోకే రావు. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇక్కడ భేషుగ్గా పనికొస్తుంది: నిలకడగా నడిచే వ్యవస్థలో సగటున పేరుకుని ఉన్న పనుల సంఖ్యను, రోజుకు వచ్చే పనుల సంఖ్యతో భాగిస్తే ఒక పని సగటున ఎన్ని రోజులు లోపల ఉంటుందో వస్తుంది. మీ దగ్గరికి రోజుకు 60 ఇన్‌వాయిస్‌లు వస్తూ, ఏ రోజు చూసినా ఆమోదం దశలో 300 ఉంటున్నాయంటే ఒక్కొక్కటి అక్కడ సగటున ఐదు రోజులు ఆగుతోందన్నమాట. ఈ లెక్కకు ఏ సాధనమూ అక్కరలేదు, రోజూ ఒకే వేళకు ఒక అంకె రాసుకుంటే చాలు. ముందు దశలో రోబోల వేగం పెంచితే ఆ గుట్ట ఇంకా త్వరగా తయారవుతుందే తప్ప తరగదు.

ఇంకా లోతుగా చూడాలంటే ప్రాసెస్ మైనింగ్ ఉంది. విల్ వాన్ డెర్ ఆల్స్ట్ వంటి పరిశోధకులు అభివృద్ధి చేసిన ఈ పద్ధతికి కనీసంగా కావలసినవి మూడే: ఏ ఇన్‌వాయిస్, ఏ పని, ఏ వేళ. ఆ వివరాలు మీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లాగ్‌లలో ఇప్పటికే ఉండి ఉంటాయి. వాటి నుంచి ఇన్‌వాయిస్‌లు నిజంగా ఏయే దారుల్లో వెళ్తున్నాయో బయటపడుతుంది. పర్చేజ్ ఆర్డర్ కన్నా ముందు తేదీ ఉన్న ఇన్‌వాయిస్‌లు, మూడుసార్లు వెనక్కు వెళ్లి వచ్చినవి అందులో కనిపిస్తాయి. కానీ ఒక్కటి గుర్తుంచుకోవాలి, లాగ్‌లో లేనిది అందులో కనిపించదు. ఇద్దరు గుమాస్తాలు ఫోన్‌లో మాట్లాడుకుని పరిష్కరించుకున్నది ఐదు గంటల ఖాళీగా మాత్రమే తేలుతుంది. అందుకని ఆ పటాన్ని పట్టుకుని వాళ్ల పక్కన కాసేపు కూర్చోక తప్పదు.

విజయాన్ని రోబో నడిచిన గంటలతో కొలవకండి. విఫలమై మళ్లీ మళ్లీ ప్రయత్నించే రోబోకు ఆ గంటలు అందరికన్నా ఎక్కువ వస్తాయి. ఇన్‌వాయిస్ చేరినప్పటి నుంచి చెల్లింపుకు సిద్ధమయ్యేదాకా పట్టిన కాలం, మనిషి చేయి పడకుండా చివరిదాకా వెళ్లినవాటి వాటా, ఈ రెండూ చూడండి. బీపీఎం ఉంటే రెండూ తేలికగానే దొరుకుతాయి.

బిల్లులబల్ల

కొలతబద్ద గారూ, మా గుట్ట నిజంగానే ఆమోదం దగ్గరే ఉన్నట్టు తోస్తోంది. రేపటి నుంచి అంకె రాసుకుంటాం. చివరగా ఒక్క సందేహం. పాత వేళల పద్ధతి నుంచి కొత్తదానికి మారే రోజుల్లో, రెండూ పక్కపక్కనే కొన్నాళ్లు నడపడం మంచిదా?

జవాబు: వరుసకాపరి

రెండూ నడపవచ్చు గానీ, ఒకే ఇన్‌వాయిస్ రెండు దారుల్లోకీ వెళ్లే అవకాశం ఉండకూడదు. సరఫరాదారుల వారీగా విడగొట్టండి. తక్కువ ఇన్‌వాయిస్‌లు పంపే కొందరు సరఫరాదారులను ముందుగా బీపీఎంలోకి మార్చి, వారి మెయిళ్లు పాత రోబో చదివే ఫోల్డర్‌లోకి రాకుండా మెయిల్ నియమం పెట్టండి. మిగతావారు పాత దారిలోనే ఉంటారు. వెతికిన తర్వాతే నమోదు చేసే మార్పును మాత్రం పాత రోబోలో కూడా ముందే పెట్టేయండి, అప్పుడు ఏదైనా ఇన్‌వాయిస్ దారి తప్పి రెండు చోట్లకూ వెళ్లినా పద్దు ఒక్కటే పడుతుంది. ఆ కొద్దిమందితో ఒక నెలాఖరు ఖాతాల ముగింపు దాటేదాకా కొత్తవారిని చేర్చకండి; మామూలు రోజుల్లో కనిపించని రద్దీ, పాత సాఫ్ట్‌వేర్ మందగించడం, తాళం వ్యవధులు చాలకపోవడం అప్పుడే బయటపడతాయి.

పటంలో మార్పులు చేసినప్పుడు, అప్పటికే నడుస్తున్న ప్రక్రియలు పాత వెర్షన్ మీదే ముగిసేలా వదిలేయండి, కొత్తగా వచ్చేవి మాత్రమే కొత్త వెర్షన్‌లో మొదలవ్వాలి. నడుస్తున్నవాటిని నడుమన కొత్త పటానికి మార్చే సదుపాయం చాలా ఇంజిన్లలో ఉంది. అది తప్పనిసరి అయినప్పుడు, రోబో దగ్గర పని ఉన్న ప్రక్రియలను వదిలి, మనిషి ఆమోదం కోసం ఆగి ఉన్నవాటిని ముందు మార్చండి. రోబో దగ్గర ఉన్నవాటిని మార్చితే, పాత పటం అడిగిన పనికి జవాబు కొత్త పటానికి వస్తుంది, అక్కడ దాన్ని అందుకునే అడుగు ఉండకపోవచ్చు. రోబో కొత్త వెర్షన్‌ను విడుదల చేసేటప్పుడు కూడా క్యూలోకి కొత్త పనులు రాకుండా ఆపి, ఉన్నవి ఖాళీ అయ్యాక మార్చండి.